కైజర్ల (జర్మన్ చక్రవర్తుల) నాటి జర్మన్ వెండి నాణేలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగినవి నాలుగు. మ్యూనిక్‌లో ఆదివారం సంతలో 1876 నాటి బవేరియా 5 మార్కుల నాణెం కనబడింది, అమ్మేవాడు "చాలా పాతది, అరుదైనది" అన్నాడు, కొనవచ్చా? నకిలీని ఎలా పట్టుకోవాలి? నల్లబడినవాటిని తోమవచ్చా? సెలవులకు గుంటూరు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చా? చివరి రెండింటికీ జవాబు చిన్నది. మొదటి రెండింటికే ఓపిక కావాలి.

ముందు అమ్మేవాడి మాట సంగతి. రెండో లుడ్విగ్ బొమ్మతో బవేరియా 5 మార్కులు 1874 నుంచి 1876 వరకు వేసింది. అందులో 1876 సులువుగా దొరికే సంవత్సరమే. అయినా అదే నాణెం ఒకచోట వెండి ధరకు కాస్త పైన, ఇంకోచోట దానికి పది రెట్లకు మించి అమ్ముడుపోతుంది. రాజు ఒకడే, టంకశాల ఒకటే, సంవత్సరం ఒకటే. తేడా అంతా నాణెం ఒంటి మీద ఉంది. వెండి నాణేల్లో వయసుకు ఎవరూ డబ్బివ్వరు, అచ్చు కింద నుంచి వచ్చినప్పటి ఉపరితలం ఎంత మిగిలిందో దానికే ఇస్తారు. కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

కొన్ని అంకెలు నోటికి వచ్చేయాలి, ఎందుకంటే సంతలో నిలబడి ఫోను తీసి వెతికే తీరిక ఉండదు. 1873 జులై 9 నాటి నాణేల చట్టం ఒక పౌను, అంటే 500 గ్రాముల, శుద్ధ వెండి నుంచి 100 మార్కులు వేయాలంది. అంటే మార్కుకు 5 గ్రాముల శుద్ధ వెండి. మిశ్రమం 1000కి 900 పాళ్లు వెండి, మిగతాది రాగి. మిగిలిన బరువులన్నీ ఇందులోంచే వస్తాయి: 1 మార్కు 5.56 గ్రాములు, వ్యాసం 24 మిల్లీమీటర్లు. 2 మార్కులు 11.11 గ్రాములు, 28 మిల్లీమీటర్లు. 3 మార్కులు 16.67 గ్రాములు, 33 మిల్లీమీటర్లు. 5 మార్కులు 27.78 గ్రాములు, 38 మిల్లీమీటర్లు. అర మార్కు 2.78 గ్రాములు, 20 మిల్లీమీటర్లు. 1873 నుంచి 1877 వరకు 20 ఫెనిగ్‌ల బుల్లి వెండి నాణెం కూడా ఉండేది, 1.11 గ్రాములు, 16 మిల్లీమీటర్లు. మన పాత వెండి రూపాయి ఒక తులం, 11.66 గ్రాములు, 2 మార్కులు దానికి అర గ్రాము తక్కువ. మీ ఇంట్లో విక్టోరియా రూపాయి ఉంటే చేతిలో బరువు పోల్చుకోవడానికి అదే మంచి సాధనం.

వెండి విలువ లెక్క కూడా నోటిలెక్కే. ఆనాటి కిలో వెండి ధరను 40తో భాగిస్తే 5 మార్కుల నాణెంలో ఉన్న వెండి విలువ. 100తో భాగిస్తే 2 మార్కులది, 200తో భాగిస్తే 1 మార్కుది. 3 మార్కులకు 1 మార్కు విలువను మూడుతో హెచ్చవేయండి. అరిగిపోయిన, దెబ్బలు తిన్న, తోమేసిన మామూలు నాణేలకు ఈ విలువే ధర. అంతకంటే ఎక్కువ అడిగితే దేనికి అడుగుతున్నాడో మీకు కంటికి కనబడాలి.

ఇప్పుడు నాణెం చదవడం. 1 మార్కు, అంతకంటే చిన్నవి సామ్రాజ్యం మొత్తానికీ ఒకే నమూనా: ఒకవైపు ఓక్ ఆకుల దండలో విలువ, ఇంకోవైపు డేగ. 2, 3, 5 మార్కుల మీద మాత్రం బొమ్మ వైపు ఆయా రాజ్యాల రాజు తల ఉంటుంది. హాంబర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ అనే మూడు స్వేచ్ఛా నగరాలకు రాజు లేడు గనక నగర చిహ్నం ఉంటుంది. బొరుసు వైపు అందరికీ ఒకే సామ్రాజ్య డేగ. సేకరణదారులకు పిచ్చి పట్టించేది ఈ ఏర్పాటే. ప్రష్యా అంత పెద్ద రాజ్యానికీ, రాయిస్ లాంటి గుప్పెడు భూమి ఉన్న సంస్థానానికీ ఒకే బరువు, ఒకే బొరుసు. వేసిన సంఖ్య మాత్రం ఒకచోట లక్షల్లో, ఇంకోచోట వేలల్లో.

డేగ రెండు రకాలు. 1889 వరకు రెక్కలు చిన్నగా, ఛాతీ మీది డాలు పెద్దగా ఉండేది; దాన్ని చిన్న డేగ అంటారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద డేగ నాణెం నిండా పరుచుకుంటుంది, డాలు చిన్నది. చిన్న డేగ నాణేలు ఎక్కువ కాలం చేతులు మారాయి, చాలావరకు కరిగిపోయాయి, మంచి స్థితిలో మిగిలినవి తక్కువ. అందుకే మీరు చూసిన 1876 నాణెం అరిగి ఉంటే మామూలుది, మెరుపుతో ఉంటే ఖరీదైనది, మెరుపుతో ఉండి చవగ్గా ఉంటే అనుమానించాల్సింది.

టంకశాల గుర్తు రాజు తల కింద ఒక అక్షరం. ఎ బెర్లిన్, డి మ్యూనిక్, ఇ మొదట డ్రెస్డెన్, 1887 నుంచి మూల్డెన్‌హ్యూటెన్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్స్‌రూహె, జె హాంబర్గ్. మూతపడినవి మూడు: హానోవర్ (బి) 1878లో, ఫ్రాంక్‌ఫర్ట్ (సి) 1879లో, డార్మ్‌స్టాట్ (హెచ్) 1882లో. కాబట్టి 1876 నాటి బవేరియా నాణెం మీద డి కాకుండా ఇంకేదైనా అక్షరం ఉంటే అక్కడితో సరి, దణ్ణం పెట్టి వచ్చేయండి. ప్రతి రకానికీ యేగర్ కేటలాగు నంబరు ఉంటుంది. వ్యాపారులంతా ఆ నంబరుతోనే మాట్లాడతారు, కాబట్టి పాత ప్రతి అయినా సరే ఆ పుస్తకం కొనుక్కోండి. అందులోని ధరలను మాత్రం నమ్మకండి. ధరకు గత వేలాల ఫలితాలు చూడాలి. ఎసిసెర్చ్ లాంటి వేలం ఫలితాల సైట్లలో అదే నంబరు, అదే స్థితి నాణెం ఎంతకు పోయిందో దొరుకుతుంది. పది ఫలితాలు చూసి పైదీ కిందదీ వదిలేసి మధ్యలోది పట్టుకోండి.

మొదలెట్టడానికి నా సలహా 5 మార్కులు కాదు, 3 మార్కులు. పాత టాలర్ నాణేలు 3 మార్కుల విలువకు 1907 దాకా చెల్లాయి. అవి పోయాక జనానికి ఆ విలువ నాణెం లేని లోటు కనబడి, 1908 నుంచి 3 మార్కుల నాణెం వేశారు. కొద్దికాలమే చేతులు మారింది, ఆరేళ్లలో యుద్ధం వచ్చి జనం వెండిని దాచేసుకున్నారు. అందుకే 3 మార్కులు మంచి స్థితిలో బాగానే మిగిలాయి. నకిలీల బెడద ఉన్నా చిన్న డేగ 5 మార్కులంత కాదు. వ్యాసం పెద్దది కాబట్టి లోపాలు కంటికి తెలుస్తాయి, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. ప్రష్యా (యేగర్ 103), హాంబర్గ్ (64), వుర్టెంబర్గ్ (175), బవేరియా రాజు ఒట్టోది (47), ఇంకా సాక్సనీ, బాడెన్. ఈ ఆరింటినీ మెరుపు మిగిలిన స్థితిలో కొనండి, నెలకొకటి చాలు. ఆరో నాణెం కొనేసరికి మొదటిది మార్చాలనిపిస్తుంది. అది మామూలే, కన్ను ముదిరిందని అర్థం.

తర్వాత స్మారక నాణేలు. 1901లో ప్రష్యా రాజ్యానికి 200 ఏళ్లు నిండినప్పటి 2, 5 మార్కులు (105, 106), 1913లో నెపోలియన్ మీద తిరుగుబాటుకు వందేళ్లంటూ వేసిన 2, 3 మార్కులు (109, 110), రెండో విల్‌హెల్మ్ పాలనకు 25 ఏళ్లప్పుడు సైనిక దుస్తుల్లో ఉన్న బొమ్మవి (111, 112), లైప్‌జిగ్ యుద్ధ స్మారక కట్టడం బొమ్మతో సాక్సనీ 3 మార్కులు (140): ఇవన్నీ లక్షల సంఖ్యలో వేసినవి, జనం జ్ఞాపకంగా దాచుకున్నవి. ఎప్పుడూ దొరుకుతాయి. వీటిలో అరిగినది కొనడం డబ్బు దండగ, ఎందుకంటే మెరిసేది కూడా కాస్త ఎక్కువకే వస్తుంది. "స్మారక" అన్న మాటకు అదనంగా అడిగితే నవ్వి ఊరుకోండి.

దాచుకున్నవీ వాడినవీ ఎలా తేడా తెస్తాయో చూడటానికి 1888 ఒక్కటి చాలు. ఆ ఏడు మార్చి 9న మొదటి విల్‌హెల్మ్ పోయాడు, కొడుకు మూడో ఫ్రీడ్రిష్ 99 రోజులు ఏలి జూన్ 15న పోయాడు, మనవడు రెండో విల్‌హెల్మ్ గద్దెనెక్కాడు. ఫ్రీడ్రిష్ బొమ్మతో వచ్చిన 2, 5 మార్కులను (98, 99) జనం పాపం అని దాచుకున్నారు, అందుకే ఈనాటికీ మెరుపుతో దొరుకుతాయి. అదే ఏడాది చిన్న డేగతో వచ్చిన రెండో విల్‌హెల్మ్ నాణేలను (100, 101) తక్కువ సంఖ్యలో వేశారు, ఎవరూ దాచలేదు. ఇవాళ వాటి ధర ఫ్రీడ్రిష్‌వాటికి అందనంత దూరంలో ఉంది. 99 రోజుల రాజు నాణెం అరుదైనదని చెప్పి అమ్మడం సంతల్లో అతి పాత పాట.

ఒక్కో రాజ్యానిదీ ఒక నాణెం చొప్పున చేర్చాలనే కోరిక అందరికీ పుడుతుంది. పెద్ద రాజ్యాలు, హాంబర్గ్, హెస్సె వరకు బండి సాఫీగా నడుస్తుంది. ల్యూబెక్, అన్‌హాల్ట్, సాక్స్-మైనింగెన్ దగ్గర జేబు బరువు తెలుస్తుంది. రాయిస్, వాల్డెక్, షౌంబర్గ్-లిపె, మెక్లెన్‌బర్గ్-ష్ట్రెలిట్స్ దగ్గర బండి ఆగిపోతుంది. బ్రెమెన్ 1904లో 2 మార్కులు, 1906లో 5 మార్కులు మాత్రమే వేయించుకుంది, 3 మార్కులు లేనే లేవు. కాబట్టి "అన్నీ 3 మార్కులే" అనే పంతం కూడా నిలవదు. ముందే రాజ్యాల జాబితా రాసుకుని, చివరి ఐదింటికీ ఎంతవుతుందో వేలాల్లో చూసి, అప్పుడు మొదలెట్టండి. సగంలో ఆపిన సెట్టు అమ్మేటప్పుడు సెట్టు కాదు, విడి నాణేలే.

అత్యంత అరుదైన రెంటి పేర్లు తెలిసుండాలి, కొనడానికి కాదు, మోసపోకుండా ఉండటానికి. సాక్సనీ 1917 ఫ్రీడ్రిష్ ద వైజ్ 3 మార్కులు (141), మతసంస్కరణకు 400 ఏళ్ల సందర్భంగా 100 మాత్రమే వేశారు. బవేరియా 1918 మూడో లుడ్విగ్ స్వర్ణ వివాహం 3 మార్కులు (54) దాదాపు 130. ఈ రెండూ సంతలోగాని, ఎవరో తాతగారి పెట్టెలోగాని "దొరకవు". దొరికితే అది ఆధునిక నకలు. జర్మన్ లేబుల్ మీద నాఖ్‌ప్రేగుంగ్ అన్న మాట ఉంటే తర్వాతి కాలంలో వేసిన నకలని అర్థం, చిన్న అక్షరాల్లో చివర రాస్తారు, వెతికి చదవండి. బ్రౌన్‌ష్వైగ్ 1915 నాణేల్లో రాజ్యం పేరు పక్కన ల్యూనెబర్గ్ సంక్షిప్తం ఉన్నది దొరికే రకం, లేనిది అరుదైనది. అంటే కొన్ని అక్షరాలు గీకేస్తే ధర పెరుగుతుందని ఆశపడేవాడు ఉంటాడన్నమాట. ఆ పదం ఉండాల్సిన చోట నేల నునుపుగా, పల్లంగా, చుట్టుపక్కల మెరుపుతో కలవకుండా ఉందేమో పది రెట్ల భూతద్దంతో చూడాలి.

ఇక నకిలీల సంగతి. మీ జేబులో ఉండాల్సినవి మూడు: 0.01 గ్రాము చూపే చిన్న కాటా, ప్లాస్టిక్ కాలిపర్ (లోహపుది గీతలు పెడుతుంది), పది రెట్ల భూతద్దం. అయస్కాంతం కూడా వేసుకోండి గానీ, దానికి అంటుకోలేదని సంతోషపడకండి, ఇత్తడి కూడా అంటుకోదు.

మొదట బరువు. వాడకంలో అరిగిన 5 మార్కులు 27.3 నుంచి 27.7 గ్రాముల మధ్య రావడం సహజం. 28 దాటితే వద్దు. అదే సైజులో ఇత్తడికి వెండి పూత వేస్తే 23 గ్రాముల దగ్గర తేలుతుంది, కాబట్టి నాసిరకం నకిలీలు కాటా దగ్గరే దొరికిపోతాయి. అసలు చూడాల్సింది బరువుకీ ముఖానికీ పొత్తు కుదిరిందా అని. జుట్టు పాయలన్నీ పదునుగా ఉండి బరువు మాత్రం 27.2 అంటే ఆ లోహం వేరు. ముఖం నున్నగా అరిగిపోయి బరువు నిండుగా 27.78 ఉన్నా అంతే, అది అరగలేదు, అరిగినట్టు అచ్చు పోశారు.

రెండోది అంచు. నకిలీ చేసేవాడు ముఖం మీద పెట్టిన శ్రద్ధ అంచు మీద పెట్టడు, కొనేవాడు కూడా అంచు చూడడు. 3, 5 మార్కుల అంచు మీద "గొట్ మిట్ ఉన్స్" (దేవుడు మనతో ఉన్నాడు) అని లోతుగా నొక్కిన అక్షరాలు, మధ్యలో అలంకార తీగలు ఉంటాయి. అక్షరాల గోడలు నిటారుగా, అడుగు శుభ్రంగా ఉండాలి. అక్షరాలు మొద్దుగా కరిగినట్టు ఉన్నా, చుట్టూ సన్నని గీతలా అతుకు కనబడినా, ఆ గీతను ఆకురాయితో దిద్దిన జాడ ఉన్నా అది మూసలో పోసినది. 2 మార్కులకు, 1 మార్కుకు పళ్ల అంచు. పళ్లు అన్నిచోట్లా ఒకే లోతులో, ఒకే దూరంలో ఉండాలి.

మూడోది తిప్పి చూడటం. ఈ నాణేల్లో రెండు ముఖాలకూ తల పైకే. పక్కకు తిప్పితే డేగ నిటారుగా నిలబడాలి. తలకిందులుగా వస్తే అనుమానించండి.

ఇవి దాటినవాటికి ఇంట్లో సాంద్రత పరీక్ష చేయండి, ఇది సంతలో కుదరదు. గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక్క చుక్క అంట్లు తోమే ద్రవం కలిపి, గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. సన్నని నైలాన్ దారంతో నాణేన్ని కట్టి పూర్తిగా మునిగేలా, గ్లాసు గోడకూ అడుగుకూ తగలకుండా వేలాడదీయండి. కాటా చూపే అంకెతో పొడి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 900 పాళ్ల వెండికి 10.3 రావాలి. 5 మార్కులను ముంచితే కాటా 2.69 గ్రాములు, 3 మార్కులకు 1.62, 2 మార్కులకు 1.08 చూపాలి. సాంద్రత తక్కువ వచ్చిందంటే ముందు గాలి బుడగలు చూడండి; అక్షరాల సందుల్లో ఇరుక్కున్న బుడగ నీటిని అదనంగా నెట్టి, మంచి నాణేన్ని దొంగగా చూపిస్తుంది. బుడగ పోగొట్టేందుకే ఆ ఒక్క చుక్క ద్రవం. అర మార్కుకు ఈ పరీక్ష పనికిరాదు: నెట్టే నీరు 0.27 గ్రాములే, కాటా ఒక్క అంకె అటూ ఇటూ అయితే జవాబు 9.9కీ 10.7కీ మధ్య ఊగుతుంది.

మన ఊళ్లో బంగారం దుకాణాల్లో ఉండే క్యారెట్ మీటరు, అంటే ఎక్స్‌రే యంత్రం, నాణేనికి హాని చేయదు. అయితే అది పై పొరనే చదువుతుంది. పాత టంకశాలల్లో బిళ్లలను ఆమ్లంలో శుద్ధి చేసేటప్పుడు పైపొరలో రాగి తగ్గి వెండి శాతం పెరుగుతుంది, కాబట్టి 900కు బదులు 920 చూపించినా కంగారు పడొద్దు. 990 పైన చూపిస్తే మాత్రం పూత అయ్యుండొచ్చు. గీటురాయి మీద గీస్తాననేవాడికి, యాసిడ్ చుక్క వేస్తాననేవాడికి నాణెం చేతికివ్వకండి. కంసాలికి అది లోహం, మీకు ఉపరితలం.

అసలు వెండితోనే, సరైన బరువుతో కొట్టిన నకిలీలు ఈ పరీక్షలన్నీ దాటేస్తాయి. అరుదైన రకాల్లోనే అవి వస్తాయి, ఎందుకంటే మామూలు నాణేనికి అంత ఖర్చు పెట్టి గిట్టదు. అక్కడ దారి ఒకటే: నమ్మకమైన వేలం చిత్రం పక్కన పెట్టుకుని అక్షరాల కాళ్లు, సంవత్సరపు అంకెల మధ్య దూరం, డేగ ఈకల చివర్లు ఒక్కొక్కటీ పోల్చడం. రెండు వేర్వేరు నాణేల మీద ఒకే చోట ఒకే గుంట ఉంటే రెండూ ఒకే మూస పిల్లలు.

అసలైన నాణేల్లోనూ చెడిపోయినవే ఎక్కువ, కొత్తవాళ్ల డబ్బు పోయేది ఇక్కడే. మన దగ్గర కాసులపేరులో గుచ్చిన కాసుకు కొక్కెం ఉన్నట్టు, బవేరియాలో తోలు నిక్కర్ల మీద వేసుకునే గొలుసులకు వెండి నాణేలు అతికించేవారు. తర్వాత కొక్కెం తీసి, అతుకు రాపిడి చేసి అమ్ముతారు. రాజు తల పైన, అంటే 12 గంటల స్థానంలో, అంచును వేలితో తడమండి: పళ్లు మాయమైనా, అక్షరం మొద్దుబారినా, చిన్న బూడిదరంగు మచ్చ ఉన్నా అది అతుకు జాడ. జర్మన్ లేబుల్ మీద హెంకెల్‌ష్పూర్ అని రాస్తారు. రాండ్‌ఫేలర్ అంటే అంచుకు దెబ్బ, గెరైనిగ్ట్ అంటే శుభ్రం చేసినది, పోలీర్ట్ అంటే మెరుగు పెట్టినది. కొక్కెం జాడ, మెరుగు, ఈ రెండూ ధరను సగానికి, ఒక్కోసారి వెండి విలువకే దించేస్తాయి.

మెరుగు పెట్టినదానికీ అసలు మెరుపుకూ తేడా ఒకే దీపం కింద తెలుస్తుంది. ట్యూబులైటు వద్దు, టేబుల్ లైటు చాలు. నాణేన్ని అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచి తిప్పండి. అసలు మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది, అక్షరాల మధ్య సందుల్లోకి కూడా వెళ్తుంది. తోమినదాని వెలుగు తిరగదు, అద్దంలా ఒకేసారి మెరిసి ఆరిపోతుంది, వంచితే ఒకే వైపు పోయే సన్నని గీతల గుంపు కనిపిస్తుంది, అక్షరాల మొదట్లో మాత్రం నల్లటి మురికి ఇరుక్కుని ఉంటుంది. అరుగుదల మొదట తగిలేది రాజు చెవి పైన జుట్టు, కనుబొమ్మ, మీసం కొన, గడ్డం. బొరుసు వైపు డేగ ఛాతీ మీది డాలు.

నాణెం ఎంత బాగా మిగిలిందో చెప్పే జర్మన్ స్థాయిలు కింద నుంచి పైకి ఎస్, ఎస్ఎస్, వీజెడ్, ఎస్టీ. పీపీ అంటే ప్రత్యేకంగా మెరుగుపెట్టిన బిళ్లలతో కొట్టినది. పేర్లకు మోసపోకండి: మొదటిదానికి అర్థం "అందమైనది", నిజానికి బాగా అరిగినది. సంతలో వ్యాపారి చెప్పిన స్థాయి నుంచి సగం మెట్టు తగ్గించి లెక్క వేయండి. పీపీ నాణెం గుడ్డతో ఒక్కసారి తుడిస్తే వెంట్రుకల్లాంటి గీతలు పడి విలువ పోతుంది, కాబట్టి పీపీ కొనేటప్పుడు ఫోటో చాలదు, చేతిలో చూడాలి లేదా వెనక్కిచ్చే షరతుతో తెప్పించాలి. హెస్సె 1917 ఎర్నస్ట్ లుడ్విగ్ 3 మార్కులు (77) అసలు పీపీగానే వేశారు, 1,333 మాత్రమే. దాని ధరంతా ఆ అద్దపు నేల మీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్కడ కొనాలంటే, నేర్చుకునే మొదటి ఆరు నెలలు దుకాణం ఉన్న వ్యాపారి దగ్గర. ధర పది శాతం ఎక్కువైనా, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకోక తప్పదు, సంతలోవాడు వచ్చే ఆదివారం అక్కడ ఉండకపోవచ్చు. వేలంలో కొట్టిన ధర మీద రుసుము వేరే ఉంటుంది, 20 శాతం చుట్టూ మామూలు, పోస్టు ఖర్చు అదనం. మీ గరిష్ఠ ధర ఇవన్నీ కలిపి వేసుకోండి. అమెరికన్ సంస్థలు స్థాయి నిర్ధారించి డబ్బాల్లో సీలు చేసిన నాణేలకు నంబరు ఉంటుంది, దాన్ని ఆ సంస్థ సైటులో వెతికి చిత్రం కలుస్తుందో లేదో చూడండి. డబ్బాకూ నకిలీలు వస్తున్నాయి.

తోమడం. వద్దు. పూజ గిన్నెలకు వాడే విభూతి, చింతపండు, నిమ్మరసం, పళ్లపొడి, బేకింగ్ సోడా, అల్యూమినియం ఫాయిలు, దుకాణంలో దొరికే వెండి ద్రావకం, ఏదీ వద్దు. పొడులు ఉపరితలాన్ని గీకుతాయి, ద్రావకాలు పై పొరను కరిగిస్తాయి. మెరుపు అంటే ఆ పై పొరలోని సన్నని గాడులే. వెండి నల్లబడటం గాలిలోని గంధకంతో వచ్చే పొర, అది నాణేనికి దుప్పటి లాంటిది. సమంగా నీలం, బంగారు రంగుల్లో పట్టిన పొరకు కొందరు అదనంగా ఇస్తారు కూడా. ఇంకో సంగతి: 1918, 1919 నాటి అర మార్కులను జనం దాచుకోకుండా టంకశాలే నల్లగా చేసి వదిలింది. దాన్ని తోమి తెల్లగా చేశారంటే అసలు రూపాన్నే చెరిపేసినట్టు.

ఒక్క మినహాయింపు: జిగురుగా ఉండే పచ్చటి మరక. అది చవక ప్లాస్టిక్ ఆల్బం నుంచి కారిన పీవీసీ, వదిలేస్తే లోహాన్ని తింటుంది. గాజు గిన్నెలో శుద్ధ అసిటోన్ పోసి (గోళ్ల రంగు తుడిచేది కాదు, దాంట్లో నూనెలు, రంగులు ఉంటాయి), కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా, నాణేన్ని పది నిమిషాలు ముంచి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచి, తీసి కాగితం మీద ఆరనివ్వండి. రుద్దకూడదు, ఒత్తకూడదు.

భద్రపరచడానికి లోపలి వ్యాసం సరిపోయే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్లు: 38, 33, 28, 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా నాణెం లోపల గిలకలాగా ఆడి అంచు అరుగుతుంది. గుంటూరు వానాకాలం తేమకు పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి, నెలనెలా మార్చండి. రబ్బరు బ్యాండు, దినపత్రిక కాగితం, కొత్త రంగు వేసిన చెక్క బీరువా, ఈ మూడూ నాణేలకు పడవు. ముఖ్యంగా రబ్బరులోని గంధకం ఒక్క వేసవిలో నాణేల మీద నల్లటి అడ్డగీత వేస్తుంది.

ఇండియాకు తేవడం: బిల్లులు విడివిడిగా, ప్రతి నాణేనికీ యేగర్ నంబరు రాయించుకుని, విమానాశ్రయంలో కస్టమ్స్ రెడ్ ఛానెల్‌లో ప్రకటించండి. ఆభరణం కాని వెండి మామూలు సామాను మినహాయింపు కిందికి రాదు. అంతకంటే ముఖ్యం తిరుగు ప్రయాణం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడం నేరం. కైజర్ కాలం నాణేలన్నీ వందేళ్లు దాటినవే. ఒకసారి గుంటూరు చేరాక నకిలీ అని తేలినా, స్థాయి నిర్ధారణకు విదేశీ సంస్థకు పంపాలన్నా చిక్కే. అందుకని పరీక్షలూ, వెనక్కివ్వడాలూ, అమ్మకాలూ అక్కడే ముగించుకుని, ఉంచుకోవాలని తేల్చుకున్నవే తెచ్చుకోండి.

మన ఊరికి దగ్గరి చుట్టం కావాలంటే జర్మన్ తూర్పు ఆఫ్రికా రూపీని చూడండి. ఆ తీరంలో చెల్లుబాటయ్యేది మన రూపాయే కాబట్టి 1890 నుంచి జర్మన్లు అదే బరువుకు, 11.66 గ్రాములకు, అదే 917 పాళ్ల వెండితో నాణెం వేశారు. మీద డేగ శిరస్త్రాణం పెట్టుకున్న రెండో విల్‌హెల్మ్. మొదట రూపీకి 64 పేసాలు, మన లెక్కే; 1904 నుంచి 100 హెల్లర్లు. పైన చెప్పిన 10.3 సాంద్రత లెక్క దీనికి సరిపోదు, వెండి శాతం ఎక్కువ గనక 10.35 దగ్గర రావాలి.

మీ 1876 నాణెం దగ్గరికి మళ్లీ వెళ్తే: కాటా మీద పెట్టండి, అంచు మీద మూడు మాటలూ చదవండి, 12 గంటల స్థానంలో తడమండి, దీపం కింద వంచండి. నాలుగూ కుదిరి, అరుగుదల ఉన్న నాణెం అయితే కిలో వెండి ధరను 40తో భాగించి దాని మీద కొంత ఇవ్వండి. మెరుపుతో ఉందంటే అక్కడికక్కడ కొనకండి, రెండు ముఖాలూ అంచూ ఫోటో తీసుకుని, బరువు రాసుకుని ఇక్కడ పెట్టండి.